రెండు పాత గదులు

నాకు అనుమానం ఎక్కువ. ఇది ఎవరో అన్న మాట కాదు, నేనే ఒప్పుకుంటున్నాను. తాళం వేశాక మూడుసార్లు లాగి చూస్తాను. బస్సులో పక్క సీటు ఆవిడ నవ్విందంటే బ్యాగు ఒళ్ళోకి లాక్కుంటాను. ఎవరైనా ఫోన్ చేసి "ఊరికే చేశాను" అంటే, ఊరికే ఎవరు చేస్తారని రోజంతా బుర్ర బద్దలు కొట్టుకుంటాను. "దీనికి అద్దం చూపిస్తే, ఎవరు నువ్వు అని అడుగుతుంది" అని మా అన్నయ్య చిన్నప్పటినుంచీ ఏడిపిస్తూనే ఉన్నాడు.

నా ఉద్యోగంలో మాత్రం ఈ గుణం బాగానే పనికొచ్చింది. నేను డేటాబేసులు తయారుచేస్తాను. కంప్యూటర్లో ఏ సమాచారం ఏ పట్టికలో ఉండాలి, ఏది దేని కింద ఉండాలి, ఏది రెండోసారి రాకూడదు అన్నది ముందే తేల్చిపెట్టడం నా పని. మనుషులు తప్పులు చేస్తారని గట్టిగా నమ్మేవాళ్ళకి ఈ పని బాగా అబ్బుతుంది. నాకు చాలా బాగా అబ్బింది.

మా వదిన ఒక చిన్న వర్క్‌షాపులో స్టోర్ చూస్తుంది. అక్కడ కృత్రిమ కాళ్ళు చేస్తారు. కాలు పోయినవాళ్ళు వస్తే, మిగిలిన మొండికాలికి తడి ప్లాస్టర్ పట్టీలు చుట్టి, అది గట్టిపడ్డాక తీసి, అందులో మళ్ళీ ప్లాస్టర్ పోసి అచ్చు తీస్తారు. మధ్యలో ఒక ఇనప గొట్టం, చుట్టూ తెల్లగా బరువుగా మనిషి కాలు ఆకారం. మేస్త్రి దాన్ని ఆకురాయితో అరగదీస్తాడు. దానిమీద తొడుగు చేసి తొడిగితే, ఎక్కడ ఒరుసుకుంటోందో మనిషి చెప్పడం, ఈయన అక్కడ గీకడం, అలా ఐదారుసార్లు అయ్యాక గానీ అచ్చు కుదరదు. కుదిరిన అచ్చుని పారేయరు. కాలు అరిగిపోయినా విరిగినా మళ్ళీ దానిమీదే చేస్తారు. అందుకని పదకొండేళ్ళ అచ్చులన్నీ వదిన చేతిలోనే ఉండేవి. వాటికి ఒక పాత నోటుబుక్కు, ఆమె బుర్ర, అంతే.

పోయినేడు వర్క్‌షాపు యజమాని, అందరూ పెద్దాయన అనే ఆయన, పక్కనే ఇంకో గది కట్టించారు. అచ్చులన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాలన్నారు. "మా చిన్ని ఉంది కదండీ" అని నా పేరు చెప్పింది వదినే. చిన్ని అంటే నేను. నలభై ఏళ్ళు దగ్గరపడుతున్నా వదిన నోట్లో నేను చిన్నినే.

నేను వెళ్ళి చూశాను. గదిలో రాక్‌లు, రాక్‌లో అరలు, అరలో డబ్బాలు, డబ్బాలో అచ్చు. నాకు ప్రాణం లేచి వచ్చింది. ఇలాంటిదానికి నాలుగు పట్టికలు అక్కర్లేదు, ఒక్కటి చాలు. దాని పేరు 'చోట్లు'. ప్రతి వరుసలో ఆ చోటు పేరు, పక్క గడిలో దాని తల్లి ఎవరో. డబ్బాకి తల్లి అర, అరకి తల్లి రాక్, రాక్‌కి తల్లి గది. గదికి పైన ఏమీ లేదు కాబట్టి తల్లి గడి ఖాళీగా వదిలేశాను.

ఆ తరవాత తాళాలు వేశాను. ఒకే తల్లి కింద ఒకే పేరు రెండుసార్లు రాకూడదు, ఒకటి. ఒక డబ్బాలో రెండు అచ్చులు ఉండకూడదు, రెండు. మా భాషలో వీటిని యునీక్ కీలంటారు. ఎవరు ఎంత పరధ్యానంగా కొట్టినా యంత్రం ఒప్పుకోదు. అప్పుడే నేను పెద్దాయనతో ఒక మాటన్నాను, ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది: "ఇకమీదట మిషన్లో చోటు లేని అచ్చు ఈ వర్క్‌షాపులో లేనట్టే లెక్కండీ." ఆయనకి ఆ మాట తెగ నచ్చేసింది. డబ్బాల బయట కనిపించిన ప్లాస్టర్ ముక్క ఏదైనా శనివారం తుక్కులోకి పోవాలని అందరికీ చెప్పారు. నోటుబుక్కు కూడా మానేయమన్నారు.

వదిన నోటుబుక్కు మూసి, నా వైపు చూసి, "అయితే ఇక నా బుర్రకి సెలవన్నమాట" అని నవ్వింది.

మొదటిరోజు నెట్ నత్తనడక నడుస్తోంది. 'పాత గది' అని కొట్టి సేవ్ నొక్కాను. తెరమీద ఆ గుండ్రం తిరుగుతూనే ఉంది. విసుగొచ్చి మళ్ళీ నొక్కాను. తరవాత 'కొత్త గది'. గదుల పేర్లు ఇస్తే చాలు, ఒక్కోదాని కింద నాలుగు రాక్‌లు, రాక్‌కి ఆరు అరలు, అరకి పది డబ్బాలు వాటంతటవే పుట్టేలా చిన్న ప్రోగ్రాం రాసిపెట్టాను. పాత గదిలో ఉన్న అచ్చులన్నీ నేనే ఎక్కించాను. ఇకనుంచి కొత్త అచ్చు వస్తే తెర ఖాళీ డబ్బా ఎక్కడుందో చెబుతుంది, వదిన అందులో పెట్టి 'సరే' నొక్కుతుంది. పాత గది నిండాకే కొత్త గదికి పంపాలని కూడా దానికి చెప్పాను.

మూడు నెలలు ఏ గొడవా లేదు. ఒకరోజు మధ్యాహ్నం వదిన ఫోన్ చేసింది.

"చిన్నీ, ఇది ఖాళీ అని చెప్పిన డబ్బాలో అచ్చు ఉందే."

"ఉండదు వదినా. వేరే డబ్బా తెరిచుంటావు."

"ఒకటో రాకు, ఒకటో అర, ఒకటో డబ్బా. ఇందులో తప్పడానికేముంది?"

"ఒక డబ్బాలో రెండు ఉండటం జరగని పని. నేను కీ పెట్టాను."

"సరేలే" అని పెట్టేసింది. నాకు అప్పుడే చిన్న అనుమానం మొలిచింది. కంప్యూటర్ వద్దనిపించాలని ఏదో ఒకటి పట్టుకొస్తోందా? నోటుబుక్కు మీద మనసు పోలేదా?

వారం తరవాత నేను వేరే పనిమీద వర్క్‌షాపుకి వెళ్తే, మేస్త్రి ముందే మళ్ళీ ఎత్తింది. "ఇవాళ రెండో డబ్బా కూడా అంతే."

నాకు తల కొట్టేసినట్టయింది. నలుగురిలో నా పనికి వంక పెట్టడమేమిటి? "వదినా, మిషన్ అబద్ధం చెప్పదు. మనుషులే చెబుతారు" అన్నాను. మేస్త్రి ఆకురాయి ఆపి నా మొహంకేసి చూశాడు. వదిన ఆ తరవాత ఇంకెప్పుడూ ఆ విషయం ఎత్తలేదు. దారికొచ్చిందనుకున్నాను.

కానీ నా కళ్ళు ఊరుకునేవి కావు. నేను వెళ్ళేసరికి వదిన ఏదో రాసుకుంటూ, నన్ను చూడగానే చున్నీ కింద దాచేసేది. ఏమిటది అంటే "ఇంటికి సామాన్ల చీటీ" అనేది. చీటీ అంత లావుంటుందా? ఇంకో సంగతి. కొత్త గది తాళం దుమ్ము పట్టి ఉంది. ఇన్ని అచ్చులు వస్తున్నా ఒక్కటీ అక్కడికి పోలేదు. అడిగితే, "అది పంపమంటే కదా నేను వెళ్ళేది" అంది. ఆ జవాబులో ఏదో ముల్లు ఉందనిపించింది గానీ, ఆ ముల్లు ఎవరికి గుచ్చుకోవాలో నాకు తట్టలేదు.

తరవాత ఒక సాయంత్రం బస్టాపులో కనిపించింది. భుజానికి గుడ్డసంచి. సంచి బరువుకి ఒక పక్కకి ఒరిగిపోయి నిలబడింది. సంచి మూతిలోంచి ఇనప గొట్టం చివర కనిపిస్తోంది. రోడ్డు ఇవతలి పక్కనే ఆగిపోయాను. పలకరించలేదు. పలకరిస్తే ఏదో ఒకటి చెబుతుంది, నేను నమ్మాల్సి వస్తుంది. నాకు నమ్మాలని లేదు.

రెండు వీధుల అవతల ఇంకో వర్క్‌షాపు కొత్తగా తెరిచారు. వదిన వాళ్ళ పిన్ని కొడుకు అందులోనే పనిచేస్తున్నాడు. ఇది నాకు ఎప్పటినుంచో తెలుసు. ఆ రోజు బస్టాపు ఎదురుగా నిలబడి ఉంటే మాత్రం, అప్పుడే ఎవరో చెప్పినట్టు గుర్తొచ్చింది. కుదిరిన అచ్చు చేతికొస్తే మనిషి కూడా అటే నడుస్తాడు. ఐదారుసార్లు గీకే శ్రమ కూడా తప్పుతుంది.

మర్నాడు వదినకి సెలవు. కావాలనే ఆ రోజే వెళ్ళాను. నేను వెళ్ళేసరికి బయట బల్లమీద ఒక టైలరు కూర్చుని ఉన్నాడు. కుట్టుమిషను కాలితో తొక్కే పాతకాలం మనిషి. కృత్రిమ కుడికాలు తొడుగు నిలువునా పగిలిపోయి, దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు. ఇక్కడ మొట్టమొదట కాళ్ళు చేయించుకున్నవాళ్ళలో ఆయనొకడు. అచ్చు నంబరు ఏడు.

"మేస్త్రిగారూ, వారంలో అయిపోతుందిగా? నాలుగు బట్టలు ఒప్పుకున్నాను" అన్నాడు.

"అచ్చుంది కదయ్యా, నాలుగు రోజులు చాలు" అన్నాడు మేస్త్రి.

తెరలో చూశాను. అచ్చు ఏడు: పాత గది, ఒకటో రాక్, ఒకటో అర, ఏడో డబ్బా. వెళ్ళి తెరిచాను. లోపల అచ్చుంది, కానీ దానిమీద మేకుతో గీసిన నంబరు 247. పక్క డబ్బా తెరిచాను. ఎనిమిది ఉండాల్సిన చోట 248. ఒకటినుంచి పదిహేడుదాకా అన్నీ అంతే. పాత అచ్చులు పదిహేడు, వరసగా, ఒక్కటీ లేదు. వాటి స్థానంలో నిన్నగాక మొన్నటివి.

భయం వేసింది, నిజం. కానీ ఆ భయం అడుగున ఇంకొకటుంది, అది కూడా చెప్పాలి. నేను అనుకున్నదే నిజమైందన్న తృప్తి. ఆ 247 ఎక్కడుండాలని మిషన్ చెబుతోందో కూడా చూడాలన్న ఊహే నాకు రాలేదు. అందరినీ అనుమానించే దాన్ని, నేను కట్టిన పట్టిక ఒక్కదాన్ని తప్ప.

పెద్దాయన దగ్గరికి వెళ్ళి అన్నీ చెప్పేశాను. నోటుబుక్కు, దుమ్ము పట్టిన తాళం, గుడ్డసంచి, పిన్ని కొడుకు. ఆయన చాలాసేపు బల్లమీద వేలితో గీస్తూ కూర్చున్నారు. "మీ వదినగారే కదమ్మా" అన్నారు. "అందుకే చెబుతున్నానండీ" అన్నాను. ఎంత నీతిగా అన్నానో! కాగితం మీద రాసిమ్మన్నారు. నష్టం ఏమిటి, ఎప్పుడు, కారణం ఏమిటి అని మూడు గడులు గీశారు. మూడో గడిలో 'స్టోర్ కీపర్' అని రాసి సంతకం పెట్టాను.

మర్నాడు పొద్దున వదిన గేటులోకి రాగానే పెద్దాయన తాళాలు అడిగారు. నేను ఆఫీసు గది అద్దంలోంచి చూస్తున్నాను. వదిన గుత్తి తీసి ఆయన చేతిలో పెట్టి, "ఒక్క మాట వింటారా సార్?" అంది. ఆయన నేలచూపులు చూస్తూ, "సోమవారం విచారణలో చెబుదువుగానమ్మా" అన్నారు. మెతక మనిషి, మొహం చూసి మాట్లాడలేరు. వదిన నేనున్న అద్దంవైపు చూసింది. పిలుస్తుందేమో అనుకున్నాను. పిలవలేదు. చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

టైలరు అప్పటికే వచ్చి బల్లమీద కూర్చున్నాడు. మేస్త్రి ఆయనకి సంగతి చెప్పాడు. కొత్తగా అచ్చు తీసి, మళ్ళీ ఐదారుసార్లు సరిచేసుకోవాలి, రెండు మూడు నెలలు పడుతుంది అన్నాడు. టైలరు పగిలిన తొడుగుని ఒళ్ళో అటూ ఇటూ తిప్పాడు. "పదేళ్ళు ఒక్కసారి కూడా ఒరుసుకోలేదండీ ఇది" అన్నాడంతే.

తరవాత అన్నయ్య ఫోన్. "ఏం జరిగిందే? పొద్దున్నే తిరిగొచ్చేసింది. అడిగితే చెప్పదు. తిండి మానేసి మంచంమీద కూర్చుంది. నీకేమైనా తెలుసా?" నాకేం తెలీదన్నాను. అన్నయ్యకి నేను చెప్పిన అబద్ధాల్లో ఇదే పెద్దది.

మధ్యాహ్నం మేస్త్రి ఒక కొత్త అచ్చు పట్టుకొచ్చాడు, నంబరు 258. స్టోర్ కీపరు లేదు కాబట్టి నా చేతిలోనే పెట్టి వెళ్ళిపోయాడు. తెరమీద నంబరు కొట్టాను. ఖాళీ డబ్బా చూపించింది: పాత గది, ఒకటో రాక్, రెండో అర, ఎనిమిదో డబ్బా. రెండు చేతులా అచ్చు మోసుకెళ్ళి, మోకాలితో ఆనించి, మూత తీశాను.

లోపల అచ్చుంది. నంబరు 18.

ముందు నాకు ఏమనిపించిందో చెబితే నవ్వుతారు. వదిన దగ్గర ఇంకో తాళం ఉందేమో, ఎవరూ లేనప్పుడు వచ్చి పెట్టిపోయిందేమో అనిపించింది. అప్పటికీ అదే! 258ని నేలమీద దించి, వెనక్కి వచ్చి, మొదటిసారి చేయాల్సిన పని అప్పుడు చేశాను. అచ్చు 18 ఎక్కడుందని మిషన్‌ని అడిగాను. పాత గది, ఒకటో రాక్, రెండో అర, ఎనిమిదో డబ్బా అంది. మరి ఖాళీ డబ్బా ఏది? పాత గది, ఒకటో రాక్, రెండో అర, ఎనిమిదో డబ్బా. ఒకే చిరునామా నిండుగానూ ఉంది, ఖాళీగానూ ఉంది.

తల్లి గడి ఖాళీగా ఉన్న వరుసలన్నీ చూపించమన్నాను. రెండు రావాలి. మూడు వచ్చాయి. పాత గది. పాత గది. కొత్త గది.

ఆ రోజు విసుగుతో రెండోసారి నొక్కిన సేవ్. ఒకే తల్లి కింద ఒకే పేరు రాకూడదన్న నా కీ ఏమైంది? దానికి తల్లి కావాలి. గదికి తల్లి లేదు, గడి ఖాళీ. యంత్రం లెక్కలో ఖాళీ అంటే 'లేదు' అని కాదు, 'తెలియదు' అని. ఒక తెలియనిదీ ఇంకో తెలియనిదీ ఒకటేనని అది ఎప్పుడూ తేల్చదు. ఇది మా పనిలో అందరికీ తెలిసిన సంగతి. నాకూ తెలుసు, కొత్తగా చేరినవాళ్ళకి పాఠం కూడా చెప్పాను. రెండు పాత గదులు పుట్టాయి, ప్రోగ్రాం రెండిటి కిందా రెండువందల నలభయ్యేసి డబ్బాలు పుట్టించింది. మొదటి పాత గది నిండాక, మిషన్ వదినని లేని రెండో పాత గదికి పంపింది, ఒకటో డబ్బానుంచి, వరసగా. కొత్త గది వంతు ఎప్పటికి వచ్చేది? తెలియని చోట యంత్రమైనా నోరు మూసుకుంది. నేను ఆ గడిలో మా వదినని రాసి సంతకం పెట్టాను.

అన్నయ్య ఇంటికి ఎలా వెళ్ళానో గుర్తులేదు. తలుపు వదినే తీసింది. "నువ్వు మిషన్ చెప్పినట్టే చేశావు కదా" అన్నాను. ఇంకేం చెప్పాలో తెలియక ఏడ్చేశాను. వదిన ఏడవలేదు. లోపలికి నడిచి, మంచం దుప్పటి పైకెత్తింది.

మంచం కింద, పాత దుప్పటి ముక్కల్లో చుట్టి, గోడ పొడుగునా వరసగా పదిహేడు అచ్చులు. ఒక్కోదాని గొట్టానికీ చీటీ. నంబరు, మనిషి పేరు, ఏ డబ్బాలోంచి తీసిందీ. పోయిన వారం నేను ఆ మంచంమీదే కాళ్ళూపుకుంటూ కూర్చుని కబుర్లు చెప్పాను.

"కొత్తది అందులోనే పెట్టమంది మిషన్. పాతవి డబ్బా బయట ఉంటే శనివారం తుక్కులోకి పోతాయి. నువ్వే పెట్టించావు కదా ఆ రూలు" అంది. "అందుకే తెచ్చుకున్నాను. బరువు, ఒక్కోసారి ఒక్కటే కుదిరేది."

"నాకెందుకు చెప్పలేదు వదినా?"

వదిన అలమరలోంచి నోటుబుక్కు తీసి నా చేతిలో పెట్టింది. స్కేలుతో గీసిన మూడు నిలువు గడులు. తేదీ. అచ్చు నంబరు. మూడోదాని తలమీద 'చిన్ని ఏమంది' అని ఉంది. మొదటి వరుసలో: జరగని పని అంది. రెండో వరుసలో: మనుషులే అబద్ధం చెబుతారు అంది. ఆ కింద పదిహేను వరుసల్లో ఆ గడి ఖాళీ.

"టైలరు బల్లమీద కూర్చుని ఉన్నాడు వదినా. ఏడో నంబరు" అన్నాను.

వదిన మొహం మారిపోయింది. "ఎప్పటినుంచి? ఎవరూ నాకు చెప్పలేదే! ఎవరో ఒకరు అడిగి ఉంటే..." అంటూ వంగి, ఏడో నంబరు మూట లాగి, నేను సాయం పట్టేలోపే భుజానికెత్తుకుంది.

టైలరు కాలు నాలుగు రోజుల్లో అయింది. పెద్దాయన అందరిముందూ వదినకి తాళాలు ఇచ్చి క్షమించమన్నారు. నేను నా కాగితం వెనక్కి తీసుకుని, మూడో గడిలో రాసింది కొట్టేసి, నా పేరు రాసి మళ్ళీ సంతకం పెట్టాను. పట్టిక సరిచేశాను. అన్నిటికీ పైన 'వర్క్‌షాపు' అని ఒకే ఒక్క వరుస పెట్టి, గదులకి దాన్ని తల్లిని చేశాను. తల్లి గడి ఖాళీగా ఉన్న ఇంకో వరుస పుట్టకుండా అడ్డు వేశాను. రెండో పాత గదిని తీసేశాను. అచ్చులన్నీ ఎక్కడివక్కడ సర్దాము, వదిన ఒక చివర, నేను ఇంకో చివర.

సర్దడం అయ్యాక వదిన తెర ముందు కూర్చుని కాసేపు చూసింది. "దీంట్లో 'సరే' ఒక్కటే ఉంది. 'కాదు' అని నొక్కడానికి ఏమీ లేదు. అది ఒకటి పెట్టాలి" అంది.

"ఇవాళే పెడతాను వదినా" అన్నాను ఆత్రంగా. నన్ను ఏదో ఒకటి అడిగింది, అంతే చాలనిపించింది.

"మంచిది. ఎప్పటికి అవుతుందో కాగితం మీద రాసివ్వండి మేడమ్" అంది.

వెటకారమేమో అని మొహంలోకి చూశాను. కాదు. నోటుబుక్కు తెరిచి కొత్త పేజీలో స్కేలు పెట్టి గీతలు గీస్తోంది. తేదీ. అచ్చు నంబరు. మూడో గడి తలమీద పొందికగా రాసింది: మేడమ్ ఏమన్నారు. రాసి, పెన్ను పట్టుకుని, నా జవాబు కోసం చూస్తూ కూర్చుంది.